ఏడింటిదాకా నా వంతు

కారు తాళం లేదు. తలుపు పక్కన మేకుకి వేలాడుతూ ఉండాలి, లేదు, మేకు మాత్రం ఉంది, ఇప్పుడు చూస్తే కాస్త వంకరగా ఉంది, కొట్టింది నేనే. చొక్కా జేబులు చూశాను, ప్యాంటు జేబులు చూశాను, ఫ్రిజ్ మీద చూశాను, ఫ్రిజ్ లోపలా చూశాను, ఒకసారి అక్కడ దొరికింది, ఎలా వెళ్ళిందని అడగొద్దు. సోఫా దిండ్ల కింద ఒక పెన్నూ, ఒక బొత్తామూ, పోయిన ఎండాకాలం నుంచి ఇంటిల్లిపాదీ ఒకరినొకరం దొంగని చూసినట్టు చూసుకోవడానికి కారణమైన టీవీ రిమోటు మూతా దొరికాయి. తాళం దొరకలేదు. అప్పుడు మా ఆవిడకి ఫోన్ చేశాను. ఆవిడ కళ్ళద్దాల షాపులో చూపు పరీక్ష చేస్తుంది, పొద్దున్నుంచి సాయంత్రందాకా ఎదుటివాడి చేత ఒక కన్ను మూయించి, ఆ కింది వరస చదవండి, ఇప్పుడు బాగుందా, ఇది బాగుందా అదా అని అడుగుతుంది, అందుకే ఇంటికొచ్చాక నన్ను ఏమీ అడగదు. "నా బ్యాగులో ఉందా? ఉండండి... ఆఁ, ఉంది. ఇప్పుడు కారుతో ఏం పనొచ్చింది మీకు?" అంది. ఏడింటికి నా వంతు అయిపోతుంది, కారు తియ్యాలి అన్నాను. "ఆరింటికి బయల్దేరతాగా, వచ్చేస్తా లెండి" అని పెట్టేసింది. అంతే. క్షమించండి లేదు, అయ్యో లేదు. రెండో తాళం ఉంది, లేకేం. ఒకటి పోతే ఇంకోటి ఉండాలనే కదా ప్రతి కారుకీ రెండేసి ఇస్తారు. నేను రెండోదాన్ని ఎక్కడా పోకుండా కారులోనే ముందు సీటు ఎదురుగా ఉన్న అరలో పెట్టాను. పోలేదు. అక్కడే ఉంది. బాల్కనీలోంచి వంగి చూస్తే మూడో అంతస్తు నుంచి ఆ అర కూడా కనిపిస్తోంది.

బాల్కనీలో ఎందుకు నిలబడ్డానంటే, చెయ్యడానికి ఇంకేం లేక. కారు గేటు పక్కన ఆకుపచ్చ రంగు మీద నిలబడి ఉంది, నిమ్మకు నీరెత్తినట్టు. ఆ ఆకుపచ్చ రంగు సైకిళ్ళ దారి. మా బిల్డింగులో పద్నాలుగు ఫ్లాట్లు, కింద ఎనిమిది కార్లకే చోటు, తేడా ఎంతో ఎవరైనా చెబుతారు, కట్టినవాడు తప్ప. మిగిలిన ఆరుగురం ఇన్నేళ్ళూ రోడ్డు పక్కన పెట్టుకుని సుఖంగా ఉన్నాం. పోయినేడాది మునిసిపాలిటీవాళ్ళు వచ్చి రోడ్డు వారంతా రంగు పూసి, తెల్లటి సైకిలు బొమ్మలు గీసి, కార్లు రాకుండా మోకాలెత్తు ప్లాస్టిక్ గొట్టాలు పాతి పోయారు. అర్జీ పెట్టాం. అసోసియేషన్ సెక్రటరీని కాబట్టి రాసింది నేనే. మేము సైకిళ్ళకి వ్యతిరేకం కాదు అని మొదలుపెట్టాను, రెండో వాక్యం 'అయితే'తో మొదలైంది, మిగతా పన్నెండు పేజీలూ ఆ 'అయితే' లాక్కుపోయింది. సాక్ష్యం కావాలిగా, అందుకని నేనే స్వయంగా గేటు దగ్గర కుర్చీ వేసుకుని గంటసేపు ఎన్ని సైకిళ్ళు పోతాయో లెక్కపెట్టాను. మూడు. అందులో ఒకటి చైను తెగి నడిపించుకుపోతున్నది. ఆదివారం మిట్టమధ్యాహ్నం మండుటెండలో లెక్కపెట్టానన్న సంగతి అర్జీలో రాయలేదు, వాళ్ళూ అడగలేదు. అర్జీ పని చెయ్యలేదు గానీ దేవుడున్నాడు, చెత్త బండి ఆగడానికని గేటు పక్కన సరిగ్గా ఒక్క కారు పట్టేంత మేర గొట్టాలు పాతకుండా వదిలేశారు. ఒక్క ఖాళీ, ఆరు కార్లు. కొట్టుకునేవాళ్ళం. నిజంగానే, పళ్ళ డాక్టరు గారూ పైన లెక్కల మాస్టారూ ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నంత పని అయింది. అప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది, వంతులు. సాయంత్రం ఏడు నుంచి మర్నాడు సాయంత్రం ఏడుదాకా ఒకరిది, ఆరు రోజులకోసారి ప్రతివాళ్ళకీ వస్తుంది, పెద్దా చిన్నా లేదు, డాక్టరని లేదు మాస్టారని లేదు. పట్టిక తయారుచేసి, ప్లాస్టిక్ కాగితం వేయించి, లిఫ్టులో అంటించాను. నాలుగో నిబంధన: వంతు దాటి ఒక్క నిమిషం కూడా వాహనం ఉంచరాదు. అందరూ మెచ్చుకున్నారు. ఇంత న్యాయంగా ఈ బిల్డింగులో ఏదీ జరగలేదన్నారు. జరగలేదు మరి, నీళ్ళు కూడా ఇంత సమానంగా రావు.

వంతు రోజున నేను కారు తియ్యను. తీస్తే చోటు పోతుంది. అందుకని వంతు రోజున ఆఫీసుకి వెళ్ళకుండా ఇంట్లోనే పని చేసుకుంటాను, మిగతా అయిదు రోజులూ పది నిమిషాల నడక దూరంలో ఎవడి గోడ పక్కనో పెట్టి వస్తాను. అంటే కారు దగ్గరగా ఉన్న రోజున కారు వాడను, వాడే రోజున కారు దగ్గర ఉండదు. ఇది ఒకసారి మా ఆవిడకి వివరించి చెబితే, చాలాసేపు నా మొహం వంక చూసి, ఒక కన్ను మూయించి పరీక్ష చెయ్యాలా వద్దా అని ఆలోచించినట్టుగా చూసి, వెళ్ళి పడుకుంది. అయిదు యాభై అయింది. ఇంకో పది నిమిషాల్లో షాపు కట్టేస్తారు. ఆవిడ వచ్చేది సైకిలు మీద, ముప్పయ్యయిదు నిమిషాలు. మోకాళ్ళ డాక్టరు చెప్పాడు, కదలకపోతే పట్టేస్తాయమ్మా అని. మొదట ఇంట్లో తొక్కే సైకిలు కొన్నాం, చక్రాలుండవు, ఎంత తొక్కినా హాల్లోనే ఉంటాం, దాని మీద ఇప్పుడు తువ్వాళ్ళు ఆరతాయి, చాలా బాగా ఆరతాయి. తర్వాత ఆవిడే వెళ్ళి నిజం సైకిలు కొనుక్కొచ్చింది. నేను అడ్డు చెప్పలేదు. మెరిసే గీతలున్న పసుపు జాకెట్టు కొన్నాను. హెల్మెట్టు కొన్నాను, షాపువాడి చేత దాన్ని నేల మీద కొట్టించి మరీ కొన్నాను. ముందు లైటు, వెనక లైటు, చక్రాల చువ్వలకి మెరిసే ముక్కలు, వెనక వచ్చేవాళ్ళు కనిపించడానికి చిన్న అద్దం, రెండు బెల్లులు, ఒకటి పని చెయ్యకపోతే ఇంకోటి. సైకిలు మీద ఉండగా ఫోన్ ఎత్తకూడదని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను, మా ఇంట్లో అందరూ పాటించే రూలు అదొక్కటే. ఆవిడ భద్రత కోసం కొనాల్సినవన్నీ కొన్నాను. ఇక ఆవిడ జాగ్రత్తగా రావడమే మిగిలింది.

అదిగో ఒకడు. వీపు మీద గొట్టంలా చుట్టిన కాగితాలు పెట్టుకుని ఆకుపచ్చ దారిలో తిన్నగా వస్తున్నాడు. నా కారు చూశాడు. వెనక్కి తిరిగి చూశాడు. వ్యాను వస్తోంది, ఆగాడు, ఒక కాలు కింద పెట్టాడు, వ్యాను పోయింది, రోడ్డు మీదకి వచ్చాడు, ఇంకో కారు వాడు హారన్ కొట్టాడు, నా కారు చుట్టి మళ్ళీ ఆకుపచ్చలోకి దూరాడు. పోతూ పోతూ నా కారు వంక ఒక చూపు చూశాడు. ఏం, కారు ఎప్పుడూ చూడలేదా? పక్కనుంచి పోవచ్చుగా, అంత చోటుంది. ఇంకొకతె వెనక సీటు మీద పిల్లని కూచోబెట్టుకుని వచ్చింది. తను వెనక్కి తిరిగి చూసింది, పిల్ల కూడా తిరిగి చూసింది, ఇద్దరూ కలిసి రోడ్డెక్కారు, పిల్ల ఒక చెయ్యి చాపి పట్టింది, అంత బుల్లి చెయ్యి, బస్సుని ఆపడానికి. బస్సు ఆగింది. లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాను. వచ్చేసరికి ఇంకా ఇద్దరు. పన్నెండు, పదమూడు. ఎప్పటినుంచి లెక్కపెడుతున్నానో నాకే తెలీదు. ఇంతమంది ఎక్కణ్ణుంచి వస్తున్నారు, ఆ ఆదివారం వీళ్ళంతా ఎక్కడ పడుకున్నారు? పైగా ఈ వేళప్పుడు ఎండ సరిగ్గా ఎదురుగా పడుతుంది. ఇటు వచ్చే ప్రతి డ్రైవరూ కళ్ళు చికిలించి, రెప్పల సందుల్లోంచి రోడ్డు చూస్తూ వస్తాడు. తెలుసు నాకు. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది, పదిహేడేళ్ళుగా నా ఉద్యోగం అదే.

ఇన్సూరెన్సు కంపెనీలో సర్వేయర్ని. గుద్దుకున్న బళ్ళని చూసి, ఎలా గుద్దుకున్నాయో రాస్తాను. బంపరు మీద సొట్ట చూసి వేగం చెబుతాను, పెచ్చులూడిన రంగు చూసి అవతలి బండి రంగు చెబుతాను. వాంగ్మూలాలు చదువుతాను. పదిహేడేళ్ళలో ఒక్క డ్రైవరు కూడా నేను చూసుకోలేదండీ అని రాయలేదు. అందరూ రాసేది ఒకే మాట, సైకిలు హఠాత్తుగా వచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చింది? హఠాత్తుగా. ఎప్పుడు చూశారు? హఠాత్తుగా. నేలలోంచి మొలిచినట్టు, మబ్బుల్లోంచి రాలినట్టు. ఆ మాట ఇన్నిసార్లు చదివాక అది నాకు మనిషి పేరులా వినిపిస్తుంది. ఇప్పుడు కూడా భోజనాల బల్ల మీద ఒక ఫైలుంది, ఇవాళ ముగించాలి. బొమ్మ గీయాలి అందులో, స్కేలు పెట్టి, పొడుగు డబ్బా బస్సు, పొట్టి డబ్బా కారు, త్రికోణం సైకిలు, బాణం గుర్తులు. ఈ ఫైల్లో సైకిలువాడు తన దారిలో తను వస్తున్నాడు, ఎదురుగా ఎవడో కారు ఆపి ఉంచాడు, తప్పించుకోవడానికి రోడ్డు మీదకి వచ్చాడు, వెనకనుంచి వ్యాను అద్దం తగిలింది. వ్యానుకి గడి ఉంది మా ఫారంలో, సైకిలుకి గడి ఉంది, వానకి గడి ఉంది, కుక్కకి కూడా గడి ఉంది, జంతువులేమైనా అడ్డొచ్చాయా అని. ఆగి ఉన్న కారుకి గడి లేదు. అది ఎవర్నీ గుద్దలేదు కదా. బొమ్మలో చుక్కలతో గీస్తాం, చెట్టునీ స్తంభాన్నీ గీసినట్టు, సహజంగా అక్కడ మొలిచినట్టు. పొద్దున గీశాను ఆ చుక్కలు, ఈ బాల్కనీలోనే కూచుని, కాఫీ తాగుతూ. కింద నా కారు ఉంది. ఏమీ అనిపించలేదు. ఏమనిపించాలి, చుక్కలకి?

ఆరూ పది. బయల్దేరి ఉంటుంది. ఫోన్ చేస్తే ఎత్తదు, రూలు. అయినా చేశాను, ఎత్తలేదు, రూలు పాటిస్తోందని సంతోషించాలో ఏమో, ఎవరు పెట్టారండీ ఈ రూలు. ఫోన్ మోగింది, చటుక్కున ఎత్తాను, మా అక్క.

"ఏం చేస్తున్నావురా?"

"బాల్కనీలో ఉన్నానక్కా."

"ఈ వేళప్పుడు బాల్కనీలో ఏంటి, ఉద్యోగం ఊడిందా?"

"లేదక్కా, ఇవాళ కారు వంతు."

"ఏం వంతో ఏంటో. మా మరదలేదీ? సైకిలేనా ఇంకా? కారు పెట్టుకుని సైకిలేంట్రా దానికి, చూసినవాళ్ళు కారు అమ్మేసుకున్నారనుకోరూ?"

"అనుకోరక్కా. కారు అందరికీ కనపడేట్టే పెట్టాను."

అక్క ఒకసారి మొదలుపెడితే ముందు బావగారి అజీర్తి, తర్వాత పక్కింటివాళ్ళ మోటారు, ఆ తర్వాత నేను చిన్నప్పుడు సైకిలు నేర్చుకుంటూ ఆవిణ్ణి వెనక కూచోబెట్టుకుని కాలవలో పడేసిన సంగతి, వరస తప్పదు. ఈలోగా ఇరవై రెండు, ఇరవై మూడు. కాలవలో పడ్డప్పుడు అక్క ఏడవలేదు, గౌను పిండుకుంటూ, నాన్నకి చెప్పనులే గానీ ముందు నువ్వు వెనక్కి తిరిగి చూడ్డం నేర్చుకో అంది. చూడలేదు నిజమే. ఎవరో బెల్లు కొట్టారు, దారి ఇవ్వబోయి దిగిపోయాను. అక్కా, ఆ రోజు మనకి ఎవరు అడ్డొచ్చారు అని అడగబోయి, అక్కా, మళ్ళీ చేస్తాను అని పెట్టేశాను. కిందనుంచి ఎవరో హారన్ కొడుతున్నారు, రోడ్డు మధ్యలో కారాపి నాలుగు లైట్లూ మిణుకు మిణుకుమనిపిస్తూ. ఆ నాలుగు లైట్లు కనిపెట్టినవాడికి దణ్ణం పెట్టాలి. అవి వేస్తే ఎక్కడైనా ఆపుకోవచ్చు, మలుపులో, వంతెన మీద, అంబులెన్సు ముందు, తప్పు చేస్తున్నానని నాకూ తెలుసు సుమా అని చెప్పినట్టవుతుంది, చెప్పేశాక ఇంక అది తప్పెలా అవుతుంది. పళ్ళ డాక్టరు గారు. మెడ బయటికి పెట్టి పైకి చూస్తున్నారు.

"సెక్రటరీ గారూ! ఏడుకేగా?"

"ఏడుకేనండీ!"

"ఆఁ, ఏం లేదు, గుర్తు చేద్దామని. ఓ రెండు రౌండ్లు కొట్టొస్తా."

ఆయన వెనక బస్సు, బస్సు వెనక నాలుగు కార్లు, వాటి మధ్యలోంచి ఒక సైకిలు ఎటు పోవాలో తెలీక నా కారుకీ ఆయన కారుకీ మధ్య సందులో నిలబడిపోయి ఉంది. ఇరవై తొమ్మిది. డాక్టరు గారు మంచివారు. లిఫ్టులో కనపడితే నా పళ్ళ గురించే అడుగుతారు. రెండు నిమిషాలు తోముతున్నారా, ఆ రెండు నిమిషాల్లోనే ఉందండీ అంతా అంటారు. మా వీధిలో అందరం రెండు నిమిషాల మనుషులమే. రెండే నిమిషాలు ఆపుకుంటానండీ అంటాం. ఎవరి రెండు నిమిషాలు వాళ్ళవి, ఒకరి తర్వాత ఒకరివి పేర్చుకుంటూ పోతే ఇరవై నాలుగ్గంటలు, ఆ పేర్చింది నేను, ప్లాస్టిక్ కాగితం కూడా వేయించాను. ఆగాగు, ఏంటిది, నేనేం హత్య చేశానా, ఒక్క కారు, గేటు పక్కన, ఆవిడ రోజూ వస్తూనే ఉందిగా, వచ్చి తాళాలు పెట్టి కాళ్ళు కడుక్కుని ఏం వండను అంటుందిగా, ఎప్పుడైనా ఏమైనా అందా? అంది. ఒక్కరోజు ఆరున్నరకి బాల్కనీలో నిలబడి చూడండి అంది. ఎప్పుడో వానలప్పుడు అంది. చూస్తాలే అన్నాను. తర్వాత ఇంకోసారి అంది, చూస్తానన్నానుగా అన్నాను. మూడోసారి అనలేదు.

లిఫ్టు రాలేదు, మెట్లమీదుగా దిగాను. కారు చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు తలుపులూ లాగి చూశాను, కారుకి నా మీద నమ్మకం లేదు, ఒక్కటీ తెరుచుకోలేదు. అద్దంలోంచి ఆ అర కనిపిస్తోంది, అందులో రెండో తాళం. అద్దం పగలగొడితే? పదిహేడేళ్ళుగా జనం నాకు చెప్పిన అబద్ధాల్లో అదొకటి, అద్దం దానంతటదే పగిలిందండీ అని. వెనకనుంచి తోస్తే? చేత్తో వేసే బ్రేకు వేసి ఉంది, జాగ్రత్తపరుణ్ణి కదా. గేటు దగ్గర స్టూలు మీద వాచ్‌మన్ కూచుని, నా అవస్థంతా చివరిదాకా చూసి, ఇంక కొత్తదేమీ లేదని నిశ్చయించుకున్నాక నోరు విప్పాడు.

"తాళం మర్చిపోయారా సార్?"

"అమ్మగారు తీసుకెళ్ళారు. వస్తున్నారు, వచ్చే టైమే."

"ఆఁ, ఆరూ ముప్పయ్యయిదు. గడియారం పెట్టుకోవచ్చు అమ్మగార్ని చూసి. మొదట్లో ఇక్కడికొచ్చేసరికి దిగి, ఫుట్‌పాత్ మీదుగా నడిపించుకొచ్చేవారు సార్. తర్వాత దాని మీద స్కూటర్లు పెట్టడం మొదలెట్టారుగా మనవాళ్ళు. ఇంక రోడ్డు మీదనుంచే. ఆ రోజు పడ్డాక మళ్ళీ దిగుతారేమో అనుకున్నా, దిగలేదు. గుండె గట్టిది సార్."

"పడ్డాకా?"

"మీకు తెలీదా?" అన్నాడు. చెప్పకుండా ఉండాల్సిందని వాడికి తెలిసింది గానీ అప్పటికే చెప్పేశాడు. "పెద్ద దెబ్బేం కాదు సార్. ఎవడో స్కూటరువాడు హారన్ కొట్టాడు, భయపడి కారు మీదకి ఒరిగి పడిపోయారు. మోచెయ్యి గీసుకుపోయింది. లేపి కూచోబెట్టి నీళ్ళిచ్చా. సార్‌కి చెప్పకు అన్నారు."

"ఎప్పుడు?"

"పోయిన శుక్రవారం."

ఇవాళ గురువారం. శుక్రవారం ఏడింటికి మొదలుపెట్టి, కాదు, శుక్రవారం ఏడింటిదాకా, నిన్న ఏడునుంచి నాది, అంతకుముందు మాస్టారిది, వేళ్ళు మడుస్తున్నాను, ఎందుకు మడుస్తున్నానో, పట్టిక నాకు కంఠతా వచ్చు, అన్నం తింటూ చెప్పగలను, అయినా వెనక్కి ఒక్కొక్క వేలూ మడిచి ఆరు మడిచేసరికి రెండో చేతి బొటనవేలు దగ్గర ఆగాను. నాదే. ఆవిడ ఒరిగి పడింది నా కారు మీద. వెనక తలుపు మీద గీత ఉంది, మొన్న తుడుస్తూ చూసి ఏ వెధవో గీకాడని తిట్టుకున్నాను, తిట్టుకుంటూ గీత ఎత్తు కొలిచాను కూడా, అలవాటు, సైకిలు హ్యాండిలు ఎత్తు. సైకిలు హ్యాండిలు ఎత్తని నాకు తెలుసు! మోచెయ్యి ఏమైందంటే షాపులో అద్దాల బీరువా తగిలిందంది. బీరువా తగిలితే కమిలిపోతుంది, గీసుకుపోదు. గీసుకుపోవడమంటే ఒరుసుకుంటూ కిందికి జారిందన్న మాట. పదిహేడేళ్ళుగా నాకు జీతమిస్తున్నది ఈ తేడా కనిపెట్టినందుకే. గీతా నా కళ్ళముందే ఉంది, గాయమూ నా కళ్ళముందే ఉంది, మందు రాసింది నేను. రాస్తూ ఏమన్నాను? చూసుకుని నడవాలి అన్నాను. అవును అంది. మర్నాడు నేను వెళ్ళి సైకిలు వెనక చక్రానికి ఇంకో ఎర్ర లైటు కొనుక్కొచ్చాను.

వెళ్ళి కారు వెనక నిలబడ్డాను. వెనక అంటే, సైకిళ్ళు ఆకుపచ్చ వదిలి రోడ్డెక్కే చోట. ఎందుకు నిలబడ్డానో ఆలోచన లేదు, రెండు చేతులూ చాపాను. ముందొచ్చిన ట్యాక్సీవాడు చావాలనుందా అన్నాడు, లేదన్నాను. రెండోవాడు చెయ్యి ఊపి, ఎవరో తెలిసినవాడనుకున్నాడు కాబోలు నవ్వాడు. ఎండ వాళ్ళ మొహాల మీద పడుతోంది, ఎవడికీ నేను కనిపించట్లేదు, అందరూ నన్ను దాదాపు ఢీకొట్టబోయి అప్పుడు చూస్తున్నారు, నేనేదో అక్కడ హఠాత్తుగా మొలిచినట్టు. నిక్కరూ బనీనూ వేసుకుని ఉన్నానని అప్పుడు తెలిసింది. పసుపు జాకెట్టు ఒక్కటే కొన్నాను, ఆవిడకి. వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు, సార్ని లేపాల్సి వస్తే ఇవాళ కూడా నీళ్ళు రెడీగా ఉండాలని. ఆరూ ముప్పయి రెండు. ముప్పయి మూడు. దూరంగా పసుపు చుక్క కనిపించింది.

చిన్న చుక్క, కొంచెం పెద్దదైంది. అంత మెరిసే జాకెట్టు కొన్నానే, ఇంత దూరానికి అగ్గిపుల్లంత ఉంది. వెనకే బస్సు. ఆవిడ నన్ను చూడలేదు, నన్నెందుకు చూస్తుంది, ఆవిడ చూస్తున్నది నా కారుని. కాదు, కారు పక్కనున్న సందుని. వెనక్కి తిరిగింది, మళ్ళీ ముందుకి, మళ్ళీ వెనక్కి, పెదాలు బిగించింది, చెయ్యి చాపింది. నేను రెండు చేతులూ ఎత్తి బస్సుకేసి పెద్దగా అరిచాను, ఏమని అరిచానో తెలీదు, ఆవిడ పేరో, బస్సు నెంబరో. బస్సు బుస్సుమని ఊపిరి వదిలి ఆగింది. ఆవిడ నా పక్కనుంచి, మూరెడు దూరంలోంచి, పోయింది. ఆ మొహం నేను చూడలేదెప్పుడూ. ఇరవై మూడేళ్ళుగా ఆ మొహం ఎదురుగా అన్నం తింటున్నాను, ఆవిడ కోపం తెలుసు, జ్వరం తెలుసు, మా అక్క వచ్చినప్పటి నవ్వు తెలుసు, ఇది తెలీదు. భయం కూడా కాదు. ఎవరూ సాయానికి రారని ముందే ఖాయం చేసుకున్న మనిషి మొహం. ఆ మొహం రోజూ గేటు దాకా వచ్చి, గేటు దగ్గర తుడిచేసుకుని, పైకొచ్చి ఏం వండను అంటోంది.

గేటు దగ్గర దిగింది. హెల్మెట్టు తీసి, వెనక్కి తిరిగి, బనీనుతో రోడ్డు మధ్యలో చేతులెత్తి నిలబడ్డ నన్ను చూసింది. బస్సు డ్రైవరు ఇంకా తిడుతున్నాడు, మా వంశంలో మూడో తరం దాకా వచ్చాడు. "దింపండి చేతులు" అంది. దింపాను. దగ్గరికెళ్ళాను. చాలా అడగాలనుకున్నాను.

"తాళం పొరపాటున బ్యాగులో పడిందా?"

"లేదు."

"మోచేతికి బీరువా తగిలిందా?"

"లేదు."

"చెప్పొచ్చుగా?"

"చెప్తే ఏం చేస్తారు, ఇంకో లైటు కొంటారు" అంది, కోపంగా కాదు, కింది వరస చదవండి అన్నంత మామూలుగా. బ్యాగులోంచి తాళం తీసింది. నేను చెయ్యి చాపాను. ఇవ్వలేదు. సైకిలు నా చేతికిచ్చింది. "మీరిది పట్టుకోండి. కారు నేను ఎక్కడైనా పెట్టొస్తా." కారెక్కి, అద్దం సరిచేసుకుని, వెనక్కి చూసి, చెయ్యి బయటికి చాపి, కారుకి చెయ్యి చాపక్కర్లేదు, అలవాటు, తీసుకుని వెళ్ళిపోయింది. కారు లేకపోయేసరికి దాని కింద ఇన్నాళ్ళూ ఎండ పడని ఆకుపచ్చ కొత్తగా, ఇప్పుడే పూసినట్టుంది. మధ్యలో తెల్లటి సైకిలు బొమ్మ. ఒక నూనె మరక, అది మాస్టారి బండిది. సైకిలు పట్టుకుని పక్కకి జరుగుదామనే అనుకున్నాను. కానీ సరిగ్గా అప్పుడే డాక్టరు గారు రెండో రౌండు ముగించుకుని వచ్చి, నాలుగు లైట్లూ వేసి, ముందు చక్రం ఆకుపచ్చ మీదకి పెట్టబోయారు. నేను కదల్లేదు. అద్దం దించారు.

"ఇంకా పావుగంటుంది గానీ ఖాళీ అయిందిగా, పెట్టేస్తా. జరగండి సెక్రటరీ గారూ."

"ఏడింటిదాకా నా వంతేనండీ."

"మీ కారు లేదుగా?"

"సైకిలుందిగా" అన్నాను, స్టాండు వేశాను. ఆవిడ కొనని, నేను కొన్న ఎర్ర లైటు నొక్కాను, మిణుకు మిణుకుమంది. పట్టికలో వాహనం అనే రాశాను, కారని రాయలేదు, నేను రాసిన నిబంధనల్లో నాకు పనికొచ్చింది ఇదొక్కటే. డాక్టరు గారు నా బనీను చూశారు, నిక్కరు చూశారు, ఈయనకి ఏ డాక్టరు అవసరమో గానీ నేను కాదనుకున్నట్టు నవ్వారు.

"సరే, ఏడుకి తీసేస్తారుగా?"

ఏడుకి ఏం చెయ్యాలో నాకు తెలీదు. ఏడున్నరకి మీటింగు పెట్టాలి, అందరూ నన్ను తినేస్తారు, పైకెళ్ళి లిఫ్టులో ఆ ప్లాస్టిక్ కాగితం పీకాలి, గట్టిగా అంటించాను, గోళ్ళు విరుగుతాయి. బల్ల మీద ఫైల్లో ఆ చుక్కల మీద గీత గీసి, ఆ కారు ఎవరిదో కనుక్కోండి అని రాయాలి, గడి లేకపోతే అంచులో రాయాలి. ఇదంతా ఆయనకి ఎలా చెప్పేది, వెనక బస్సు హారన్ కొడుతుంటే.

"రెండు నిమిషాలండీ" అన్నాను.

వెనకనుంచి బెల్లు మోగింది. ఒకటి కాదు, పదిసార్లు, గుక్కతిప్పుకోకుండా. తిరిగి చూస్తే వీపు మీద డబ్బా కట్టుకున్న ఒకతను, చెమటలు కారుతూ. "దారికి అడ్డంగా నిలబడతారేంటండీ, బుద్ధుండక్కర్లా?" అన్నాడు. నిజమే. సైకిలుని ఎత్తి, ఆకుపచ్చ అంచున, తెల్లగీత మీద, డాక్టరు గారి బంపరుకి ఆనించినంత దగ్గరగా పెట్టి, నేనూ గీత మీదకి జరిగాను. అతను థ్యాంక్సయినా చెప్పలేదు. వెనక్కి తిరిగి చూడలేదు, చెయ్యి చాపలేదు, రోడ్డెక్కలేదు, తెల్ల సైకిలు బొమ్మ మీదుగా తిన్నగా తొక్కుకుంటూ పోయాడు. బాల్కనీలో మొదలుపెట్టిన లెక్క ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు రాలేదు. మళ్ళీ మొదలుపెట్టాను. ఒకటి.